సవానాలో రెండు రోజులు: జాబితా సగానికి కొయ్యండి, కారు తాళం దాచేయండి

తమ్ముడూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఏప్రిల్‌లో మీ మూడో పెళ్లిరోజు. అట్లాంటా దగ్గరి కమ్మింగ్ నుంచి శుక్రవారం బయలుదేరి ఆదివారం రాత్రికి ఇంటికి చేరాలి. జార్జియా తీరంలోని సవానాయా, పక్క రాష్ట్రం సౌత్ కెరొలైనాలోని చార్ల్‌స్టనా అన్నది తేలడం లేదు. మీ ఆవిడ గుడ్డు కూడా ముట్టని శాకాహారి. ఊరి బయట హోటల్ తీసుకుంటే రాత్రికి కాస్త డబ్బు మిగులుతుంది కదా, తీసుకోవచ్చా అన్నారు. కింద 19 చోట్ల పేర్లు రాసి, ఇవన్నీ రెండు రోజుల్లో అవుతాయా అని అడిగారు.

అవుతాయి. ఆదివారం రాత్రి ఇద్దరూ మాట్లాడుకోకుండా ఇల్లు చేరతారు, అంతే.

నేను జార్జియా వచ్చి పద్నాలుగేళ్లయింది. సవానాకి ఎనిమిదిసార్లు వెళ్లుంటాను. అమ్మానాన్న వచ్చినప్పుడు, పిల్లల సెలవులకి, ఫ్రెండ్స్‌తో రెండు కార్లేసుకుని. మా ఆయనా నేనూ ఇద్దరమే వెళ్లింది మూడుసార్లు. ఆ మూడింట్లో మొదటిది తగలేశాం, రెండోది ఫర్వాలేదు, మూడోది బాగా కుదిరింది. మూడోసారి చూసినవి మిగతా రెండుసార్ల కంటే తక్కువ. నా సలహా అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

ముందు సవానాయా, చార్ల్‌స్టనా అన్నది తేల్చేద్దాం. అట్లాంటా నుంచి సవానా 250 మైళ్లు, నాలుగు గంటలు. కమ్మింగ్ నుంచి కాబట్టి ఇంకో గంట కలుపుకోండి. చార్ల్‌స్టన్ అంతకంటే గంట ఎక్కువ. షార్లెట్‌లో ఉన్నవాళ్లు అడిగుంటే చార్ల్‌స్టన్ అనేదాన్ని. రెండు రాత్రుల ప్రయాణానికి మీకు సవానాయే. రెండు ఊళ్ల మధ్య దూరం రెండు గంటలే కదా, రెండూ చుట్టేద్దాం అని మాత్రం అనుకోకండి. మా చుట్టాలు ఒకళ్లు ఆ పని చేశారు. ఫొటోలు చూపిస్తూ ఏది ఏ ఊరో వాళ్లే చెప్పలేకపోయారు.

శుక్రవారం సగం రోజైనా సెలవు పెట్టండి. మూడింటికి ఆఫీసు లాగౌటై బయలుదేరితే మేకన్ చేరేసరికే ప్రాణం పోతుంది. పన్నెండు లోపల ఊరు దాటాలి. మేకన్ దగ్గర 75వ నంబరు ఇంటర్‌స్టేట్ వదిలి 16వ నంబరుది ఎక్కుతారు. అక్కడి నుంచి 160 మైళ్లకు పైగా తిన్నగా గీత గీసినట్టు రోడ్డు, రెండు పక్కలా పైన్ చెట్లు. నిద్ర ముంచుకొస్తుంది, ఇద్దరూ మారి మారి నడపండి. డబ్లిన్ దగ్గర పెట్రోలు కొట్టించండి, ఆ తర్వాత బంకులు దూరం దూరంగా ఉంటాయి. దారిలో ర్యాంపుల దగ్గర రైల్వే గేట్లలాంటి అడ్డగేట్లు కనిపిస్తాయి. తుఫాను వస్తే తీరం జనాన్ని ఖాళీ చేయించడానికి రెండు వైపుల రోడ్డునీ ఒకే దిశలో, లోపలికి తిప్పేస్తారు. అందుకే ఆ గేట్లు. నాది బందరు. తుఫాను హెచ్చరిక అంటే మైకు పట్టుకుని తిరిగే జీపు గుర్తొచ్చే నాకు, రోడ్డునే తిప్పేసే ఏర్పాటు మొదటిసారి చూసినప్పుడు నోట మాట రాలేదు.

ఏప్రిల్ మంచి నెలే. అజేలియా పూలు మార్చి చివర్లో విరగబూస్తాయి, ఏప్రిల్ మొదట్లో వెళ్తే ఇంకా కొన్ని ఉంటాయి. మార్చి నడుమ, సెయింట్ ప్యాట్రిక్ రోజు చుట్టుపక్కల మాత్రం చచ్చినా వెళ్లొద్దు. 1824 నుంచి అక్కడ ఊరేగింపు తీస్తున్నారు, ఊరంతా ఆకుపచ్చ చొక్కాలే, గది ధర కొండెక్కి కూర్చుంటుంది. ఏప్రిల్‌కి ఉన్న ఒకే చీడ కంటికి కనపడని దోమలాంటి పురుగు, శాండ్ న్యాట్ అంటారు. 2015 దాకా ఆ ఊరి బేస్‌బాల్ జట్టుకి ఆ పేరే పెట్టుకున్నారంటే వాటి ప్రతాపం ఊహించుకోండి. గాలి వీస్తే రావు. గాలి ఆగిన సాయంత్రాల్లో, నీళ్ల పక్కన, మడమలు పట్టుకుంటాయి. స్ప్రే పెట్టుకోండి, సాయంత్రం పూట సాక్సులు వేసుకోండి. చీర కట్టుకుని ఫొటోలు దిగాలన్న ఆలోచన ఉంటే పొద్దున్నే దిగండి.

ఇక గది. మీ ప్రశ్నలన్నిట్లో అసలుది ఇదే, మీరేమో చివర్లో అడిగారు.

మొదటిసారి మేమూ ఇంటర్‌స్టేట్ పక్కన, ఊరికి పదీ పన్నెండు మైళ్ల దూరంలో దిగాం. చవక. పొద్దున కారేసుకుని ఊళ్లోకి రావడం, పార్కింగ్ కోసం తిరగడం, ఎండకి అలిసిపోయి ఓ గంట పడుకుందామంటే మళ్లీ అరగంట డ్రైవ్. సాయంత్రం స్నానం చేసి బట్టలు మార్చుకోవడానికి వెళ్లినవాళ్లం ఇంక తిరిగి రాబుద్ధి కాక హోటల్ పక్కనే పిజ్జా తిన్నాం. పెళ్లిరోజు రాత్రి! పైగా మూడుసార్లు పార్కింగ్ కట్టాం. మిగిలిందనుకున్న డబ్బు ఏ మూలకీ కనపడలేదు.

ఈ ఊరు మధ్యాహ్నం రెండింటికి గదికెళ్లి పడుకుని, ఐదింటికి మళ్లీ బయటికొచ్చే ఊరు. గది నడక దూరంలో లేకపోతే అది కుదరదు. కాబట్టి బడ్జెట్‌లో సగం గదికే పోయినా బాధపడకండి. మిగతా ఖర్చు ఇక్కడ చాలా తక్కువ, ఎందుకంటే ఊళ్లో గొప్పవన్నీ ఆరుబయటే ఉన్నాయి.

మ్యాప్ తెరిచి ఉత్తరాన బ్రాటన్ స్ట్రీట్, దక్షిణాన గాస్టన్ స్ట్రీట్ చూడండి. మధ్యలో నిలువుగా బుల్ స్ట్రీట్. ఆ వీధికి అటూ ఇటూ మూడు నాలుగు వీధుల్లో ఎక్కడ దొరికినా కళ్లు మూసుకుని తీసుకోండి. రివర్ స్ట్రీట్ మీదా, సిటీ మార్కెట్ పక్కనా వద్దు. శనివారం అర్ధరాత్రి దాకా పాటలూ కేకలూ. ఆ ఊళ్లో ప్లాస్టిక్ గ్లాసులో మందు పట్టుకుని వీధిలో నడవడానికి పాత ఊరి వరకు అనుమతి ఉంది, అందుకని గోల ఇంకొంచెం ఎక్కువ.

పాత ఇళ్లలో నడిపే చిన్న సత్రాలు చాలా ఉన్నాయి. ఎత్తు మంచాలు, చలికాగే గూళ్లు, పొద్దున టిఫిను. జంటకి అవే బాగుంటాయి. బుక్ చేసేముందు మూడు మాటలు ఫోన్ చేసి అడగండి. లిఫ్టు ఉందా? మేం రెండోసారి దిగినచోట లేదు. ఇద్దరు పక్కపక్కన పట్టని మెట్ల మీద పెద్ద సూట్‌కేసు మూడో అంతస్తుకి మోసిన మా ఆయన ఆ కథ ఇప్పటికీ విందుల్లో చెప్తుంటాడు. రెండోది, ‘గార్డెన్ లెవెల్’ అని రాసిన గది నేల మట్టానికి ఎంత కింద? అక్కడి ఇళ్లకు వీధి నుంచి ఎత్తు మెట్లెక్కి లోపలికి వెళ్తాం, ఆ మెట్ల కింద ఉండే సగం నేలమాళిగ గదికి పెట్టిన ముద్దుపేరే గార్డెన్ లెవెల్. కొన్ని చక్కగా ఉంటాయి, కొన్ని చెమ్మ వాసన. మూడోది, కారు పెట్టుకోడానికి చోటుందా, దానికి విడిగా ఎంత? వారాంతాల్లో చాలాచోట్ల రెండు రాత్రులకి తక్కువైతే ఇవ్వరు, మీకు ఎటూ రెండే కాబట్టి చిక్కు లేదు.

కారు శుక్రవారం సాయంత్రం పెట్టాక ఆదివారం పొద్దున దాకా తీయకండి. అలిసిపోతే ‘డాట్’ అని ఉచిత బస్సు పాత ఊళ్లో తిరుగుతుంటుంది. నదికి అవతలి ఒడ్డుకి చిన్న ఫెర్రీ, అదీ ఉచితమే. సాయంత్రం పూట అటూ ఇటూ ఓ విడత తిరిగి రండి, డబ్బులు పోసి ఎక్కే డిన్నర్ బోట్ కంటే అదే నాకు నచ్చింది.

ఇప్పుడు ఊరి సంగతి. ఇది కాస్త తెలుసుకుని వెళ్తే మీ జాబితా దానంతటదే చిన్నదైపోతుంది.

1733 ఫిబ్రవరిలో ఓగల్‌థార్ప్ అనే ఇంగ్లిషాయన జనాన్ని పడవలో తెచ్చి నది పక్కన గట్టు మీద దిగాడు. దిగిన వెంటనే ఊరికి గళ్లు గీశాడు. ఒక్కో గడి ఒక్కో వార్డు. ప్రతి వార్డు నడుమ ఖాళీ జాగా, దాన్నే స్క్వేర్ అంటారు, దాని చుట్టూ ఇళ్లు, తూర్పు పడమరల్లో గుడికీ, ప్రభుత్వ భవనాలకీ స్థలం. జనం పెరిగితే పక్కన ఇంకో గడి అంటించుకుంటూ పోవడమే. అలా 24 స్క్వేర్‌లయ్యాయి, ఇప్పుడు 22 ఉన్నాయి. ఒక దాన్నుంచి ఇంకోదానికి రెండు మూడు నిమిషాల నడక. అంటే ఎండలో రెండు నిమిషాలు నడిచేసరికి చెట్ల నీడా, ఒక బెంచీ మీకు తప్పకుండా వచ్చి తీరతాయి. ఈ ఊళ్లో చూడాల్సింది అదే. మిగతావన్నీ దారిలో తగిలేవి.

ఆ చెట్లు లైవ్ ఓక్‌లు. కొమ్మల్నుంచి జడల్లా వేలాడే బూడిదరంగుది స్పానిష్ మాస్. పేరుకే అది నాచు, నిజానికి అనాసపండు కుటుంబం. చెట్టు రసం పీల్చదు, గాల్లో తేమ తాగి బతుకుతుంది. ముచ్చటపడి కింద రాలినది ఏరి జడలో పెట్టుకోవద్దని మీ ఆవిడకి చెప్పండి, అందులో చిన్న ఎర్ర పురుగులుంటాయి, దురద నాలుగు రోజులు వదలదు.

శనివారం పొద్దున ఎనిమిదింటికల్లా బుల్ స్ట్రీట్ ఉత్తరం చివర జాన్సన్ స్క్వేర్ దగ్గర మొదలుపెట్టండి. అక్కణ్నుంచి తిన్నగా దక్షిణానికి రైట్, చిప్పెవా, మాడిసన్, మాంటెరే. చివర ఫోర్సిత్ పార్కు. మొత్తం మైలు దూరం. ఆగకుండా నడిస్తే ఇరవై నిమిషాలు, మీకు మూడు గంటలు పట్టాలి.

రైట్ స్క్వేర్‌లో రెండు చూడండి. నడుమ పెద్ద స్మారకం ఒక రైల్వే కంపెనీ అధిపతిది. మూలన ఒక గ్రానైట్ బండ ఉంటుంది. ఓగల్‌థార్ప్‌ని ఊళ్లోకి రానిచ్చి, చోటిచ్చి, సాయం చేసిన యమక్రా తెగ నాయకుడు టోమోచీచీని పూడ్చింది ఆ స్క్వేర్ నడుమే. తర్వాతివాళ్లు ఆ చోటులోనే రైల్వే ఆయనకి స్మారకం కట్టారు. చివరికి ఆ రైల్వే ఆయన కోడలే మనసు ఒప్పక పూనుకుని, 1899లో టోమోచీచీ పేరున ఆ బండ పెట్టించింది. ఆవిడ కూతురే 1912లో ఇదే ఊళ్లో గర్ల్ స్కౌట్స్ మొదలుపెట్టిన జూలియెట్ గోర్డన్ లో. మన పిల్లలు ఇంటింటికీ కుకీలు అమ్ముతున్నారంటే దాని మూలం ఈ కుటుంబంలోనే ఉంది.

చిప్పెవాలో ఓగల్‌థార్ప్ విగ్రహం దక్షిణానికి చూస్తుంటుంది, ఎందుకంటే అప్పటి శత్రువు స్పెయిన్ ఫ్లోరిడాలో ఉంది. ఈయన కాలంలో ఈ కాలనీకి మూడు రానివ్వకూడదన్నారు: రమ్ము, ప్లీడర్లు, బానిసత్వం. మూడూ వచ్చాయి. 1751లో బానిసత్వం మీద నిషేధం ఎత్తేశారు. అక్కడి నుంచి ఊరి సంపదంతా వరి మీద, తర్వాత పత్తి మీద, రెండూ బానిసల చెమట మీద.

మాడిసన్ స్క్వేర్‌లో గ్రీన్-మెల్‌డ్రిమ్ ఇల్లు ఉంది. అంతర్యుద్ధంలో అట్లాంటాని తగలబెట్టి వచ్చిన జనరల్ షెర్మన్ 1864 డిసెంబరులో ఆ ఇంట్లో దిగి, సవానాని క్రిస్మస్ కానుకగా తీసుకోమని లింకన్‌కి తంతి కొట్టాడు. కానుకలో భాగంగా పాతికవేల బేళ్ల పత్తి ఉందని కూడా రాశాడు. నాకు ఆ ఏడాది ఇంకో రకంగా గుర్తు. 1864 నవంబరు 1న మా బందరుని ఉప్పెన ముంచింది, ముప్పై వేలమంది పోయారంటారు. రెండు రేవులకీ అదే చలికాలం. యుద్ధంలో ఇటు పత్తి ఆగిపోయినప్పుడు అటు మన దేశంలో పత్తికి రేటు లేచింది కూడా. మా ఆయన ఇవన్నీ వింటూ నడుస్తాడు, తనకు చరిత్ర పడదు, కానీ నా చేతిలో సంచి పట్టుకుంటాడు. మీ ఆవిడకి వీటిలో ఆసక్తి లేకపోతే మీరూ నోరు మూసుకుని సంచి పట్టుకోండి.

అదే ఇంట్లో 1865 జనవరిలో ఇరవై మంది నల్లజాతి పాస్టర్లని పిలిచి, మీకు ఏం కావాలని అడిగారు. వాళ్లు భూమి కావాలన్నారు. నాలుగు రోజుల్లో కుటుంబానికి 40 ఎకరాలదాకా అంటూ ఆర్డరు వచ్చింది. ఆ ఏడాది పూర్తికాకుండానే కొత్త అధ్యక్షుడు దాన్ని వెనక్కి తీసేసుకున్నాడు.

మాంటెరే స్క్వేర్‌లో చర్చిలా కనిపించే యూదుల ప్రార్థనామందిరం ఉంది. ఊరు పుట్టిన 1733లోనే పడవ దిగిన యూదులు స్థాపించిన సమాజం అది. మాడిసన్‌కీ మాంటెరేకీ నడుమ తగిలే జోన్స్ స్ట్రీట్‌లోకి, పడమటివైపు ఒకసారి తిరిగి రండి. ఇటుక రోడ్డు, రెండు పక్కలా ఇనుప కటకటాల మెట్లు, పైన ఓక్ కొమ్మల పందిరి. ఫోన్ ఇక్కడ తియ్యండి, మిగతాచోట్ల జేబులో ఉంచండి.

ఫోర్సిత్ పార్కులో తెల్ల ఫౌంటెన్ 1858 నాటిది. కేటలాగు చూసి ఆర్డరిచ్చి తెప్పించుకున్న పోత ఇనుము. ఇప్పటి ఆన్‌లైన్ షాపింగ్‌కి తాతమ్మ. శనివారం పార్కు దక్షిణం చివర మధ్యాహ్నం దాకా రైతుబజారు ఉంటుంది. మీ ఆవిడకి ఆ పూట భోజనం సగం అక్కడే దొరికిపోతుంది: రొట్టె, స్ట్రాబెర్రీలు, తేనె. గడ్డిలో దుప్పటి పరిచి కూర్చోండి.

మధ్యాహ్నం ఎండలో ఒకే ఒక్క ఇంట్లోకి వెళ్లండి, అది ఓవెన్స్-థామస్ హౌస్. ఓగల్‌థార్ప్ స్క్వేర్ పక్కన, 1819లో కట్టారు. మేడ మీద ఒక గది వైపు నుంచి ఇంకోవైపుకి ఇంటి లోపలే చిన్న వంతెన ఉంటుంది, ఎక్కి దాటాలి. కానీ టూర్ మొదలయ్యేది వెనకాల బానిసలుండే కొట్టు దగ్గర. పైకప్పుకి ఇంకా పాత నీలిరంగు పట్టుకుని ఉంది. నీలిమందు, సున్నం కలిపి వేసేవారు, దుష్టశక్తులు లోపలికి రావని నమ్మకం. మనం గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టుకున్నట్టే అనుకోండి. ఆ రంగు చూశాక ఊళ్లో వరండాల పైకప్పులన్నీ ఎందుకు నీలంగా ఉన్నాయో మీకే తెలుస్తుంది. పెళ్లిరోజున ఇలాంటి చోటికా అని మా ఆడపడుచు అడిగింది. ఆ మేడలూ తోటలూ ఎవరి చేతులతో లేచాయో చూడకుండా వస్తే, పెళ్లి సెట్టింగు చూసొచ్చినట్టే ఉంటుంది నాకైతే.

తర్వాత గదికెళ్లి పడుకోండి. నిజంగా. రెండు గంటలు.

ఐదున్నరకి నది. గట్టు మీది నుంచి కిందికి దిగే దారులు ఓడల బరువుకి వేసుకొచ్చిన రాళ్లతో పరిచినవి, ఎగుడుదిగుడు. హీల్స్ వద్దు. రెండో ప్రయాణంలో నా చెప్పు మడమ రెండు రాళ్ల మధ్య ఇరుక్కుపోయి, దాన్ని పీకడానికి మా ఆయన మోకాళ్ల మీద కూర్చుంటే, దారిన పోయేవాళ్లు ప్రపోజ్ చేస్తున్నాడనుకుని చప్పట్లు కొట్టారు. అప్పటికి మా పెళ్లై పదకొండేళ్లు. కింద దుకాణాలన్నీ పాత పత్తి గోదాములే. కొనడానికి పెద్దగా ఏం లేదు. అక్కడ చూడాల్సింది కంటెయినర్ ఓడలు. అమెరికాలోని అతి పెద్ద కంటెయినర్ రేవుల్లో ఒకటి అక్కడికి కాస్త ఎగువన ఉంది, కాబట్టి ఏడెనిమిది అంతస్తుల ఓడ మీరు కాఫీ తాగుతున్న బల్ల ముందునుంచి చప్పుడు లేకుండా జరిగిపోతుంది. అవతలి ఒడ్డు మాయమై, మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

తిండి. శాకాహారికి ఈ ఊళ్లో గండం మెనూలో కనపడదు, గిన్నెలో ఉంటుంది. కొలార్డ్ గ్రీన్స్ అని ఆకుకూర చూసి సంబరపడతారు, పంది ఎముక వేసి ఉడికిస్తారు. బీన్స్, అలసందలు, అదే కథ. రెడ్ రైస్ టమాటా అన్నంలా ఉంటుంది, లోపల బేకనో సాసేజో ఉంటుంది. గ్రిట్స్ మన మొక్కజొన్న రవ్వ జావ, చాలాచోట్ల నీళ్లలోనో పాలల్లోనో వండుతారు, కొన్నిచోట్ల చికెన్ స్టాక్‌లో. ‘వెజిటేరియనా’ అని అడిగితే నవ్వుతూ అవునంటారు. అలా అడగకండి, ‘ఇందులో పోర్క్ గానీ, బేకన్ కొవ్వు గానీ, చికెన్ స్టాక్ గానీ పడిందా, కార్న్‌బ్రెడ్‌లో గుడ్డు ఉందా’ అని పేరు పెట్టి అడగండి. కొత్తతరం కెఫేల్లో శాకాహారానికి లోటు లేదు, ఆర్ట్ కాలేజీ ఊరు కదా, పిల్లలు సగంమంది వీగన్లే. పెళ్లిరోజు భోజనానికి 1771 నాటి గులాబీరంగు మేడలో నడిచే ఓల్డ్ పింక్ హౌస్ పేరు అందరూ చెప్తారు. చోటు చాలా బాగుంటుంది, కానీ మీరు తింటారు గానీ ఆవిడకి ఏమేం పెడతారో ముందే ఫోన్ చేసి కనుక్కుని, వారాల ముందు టేబుల్ రాయించుకోండి. ఆవిడ సలాడ్ తింటుంటే మీరు రొయ్యలూ గ్రిట్సూ లాగించడం పెళ్లిరోజు పని కాదు. మిసెస్ విల్క్స్‌లో పొడవాటి బల్ల మీద పదిమందిని కూర్చోబెట్టి మన బంతి భోజనంలా గిన్నెలు దాటిస్తారు, గొప్పగా ఉంటుంది, కానీ శని ఆదివారాలు తియ్యరు. మీ జాబితాలో శనివారం అని రాసుకున్నారు, కొట్టేయండి.

రాత్రి భోజనమయ్యాక బ్రాటన్ స్ట్రీట్‌లో లియోపోల్డ్స్ ఐస్‌క్రీమ్. 1919లో మొదలైన కొట్టు, లైను వీధిలోకి వస్తుంది. నిలబడండి, లైనే సరదా. గుడ్డు విషయం అక్కడ కూడా అడగండి. గదిలో కెటిల్ ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకండి. మేం చిన్న ఎలక్ట్రిక్ కెటిల్, ఇన్‌స్టంట్ కాఫీ, ఓ డబ్బాలో పులిహోర తీసుకెళ్తాం. శుక్రవారం దారిలో మధ్యాహ్నానికి పులిహోర అయిపోవాలి, అంతకంటే దాచొద్దు. ఆవకాయ చిన్న సీసా ఒకటి ఉంటే పొద్దున గ్రిట్స్ మీద చుక్క వేసుకోండి, తర్వాత నాకు థాంక్స్ చెప్తారు.

ఆదివారం గది ఖాళీ చేసి కారు తియ్యండి. మీ జాబితాలో ఈ పూటకే ఐదున్నాయి. రెండు జట్లుగా విడగొడతాను, ఒకటి ఎంచుకోండి.

సముద్రం కావాలంటే టైబీ ద్వీపం, 18 మైళ్లు. వెళ్లేది ఒకటే రోడ్డు, రెండు పక్కలా ఉప్పునేలల గడ్డి, మా దివిసీమ మడ అడవుల వైపు పోతున్నట్టే ఉంటుంది నాకు. పెద్ద పోటు వచ్చినప్పుడు రోడ్డు మీదకి నీళ్లొస్తాయి, బయలుదేరేముందు పోటు వేళలు చూసుకోండి. పదింటిలోపల చేరకపోతే పార్కింగ్‌కి తిప్పలే. లైట్‌హౌస్ 178 మెట్లు, మోకాళ్లు బాగుంటే ఎక్కండి. దారిలో పులాస్కీ కోట ఆగి తీరాలి. పద్దెనిమిదేళ్లు కట్టిన దిట్టమైన ఇటుక కోట, 1862 ఏప్రిల్‌లో టైబీ నుంచి కొత్తరకం ఫిరంగులతో 30 గంటలు కొట్టేసరికి గోడకి కన్నాలు పడి లొంగిపోయింది. ఇటుక కోటల కాలం ఆ రెండు రోజులతో సరి. గుండ్లు ఇప్పటికీ గోడలో దిగబడి ఉన్నాయి, దగ్గరికెళ్లి చూడొచ్చు. నేషనల్ పార్క్ పాస్ ఉంటే అదే చెల్లుతుంది.

నీడా, నిశ్శబ్దం కావాలంటే బోనవెంచర్ శ్మశానం, ‘వార్మ్‌స్లో’ అనే పాత ఎస్టేటు. శ్మశానమా అని ముఖం చిట్లించకండి. నది గట్టు మీద ఓక్ చెట్ల కింద ఉద్యానవనంలా ఉంటుంది, ప్రవేశం ఉచితం. ఒక కవి తన సమాధిని బెంచీలా చేయించుకున్నాడు, వచ్చినవాళ్లు కూర్చుని నది చూడాలని. మా అత్తగారు మాత్రం కారు దిగలేదు, ఇంటికొచ్చాక మా అందరిచేతా తలస్నానం చేయించారు. మీ ఇంట్లో పట్టింపు ఉంటే నేరుగా ‘వార్మ్‌స్లో’ ఎస్టేటుకి వెళ్లిపోండి. ఒకటిన్నర మైళ్ల బాట, రెండు పక్కలా 400కి పైగా ఓక్ చెట్లు గొడుగు పట్టినట్టు. చివర తొలినాటి ఇంటి మొండిగోడలు. ఆల్చిప్పలు కాల్చి సున్నం చేసి, ఇసకా, చిప్పలూ కలిపి పోసిన గోడలవి. టాబీ అంటారు. మనవైపు గుల్లసున్నం చూసినవాళ్లకి ఆ గోడలో పొడుచుకొచ్చిన చిప్పలు పరాయివిగా అనిపించవు.

మీ జాబితాలో మిగిలినవి, దెయ్యాల టూరు, ట్రాలీ టూరు, గుర్రబ్బండి, చాక్లెట్ టూరు, జాలిగా కొట్టేశాను. ట్రాలీ అమ్మానాన్నలతో వెళ్లినప్పుడు పనికొస్తుంది. ‘ఫారెస్ట్ గంప్’ సినిమాలోని ప్రసిద్ధమైన బెంచీ చిప్పెవాలో వెతకొద్దు, అక్కడ లేదు, మ్యూజియంలో ఉంది. లఫయెట్ స్క్వేర్‌లో రెండు తెల్ల శిఖరాల కతీడ్రల్ మాత్రం దారిలో తగిలితే, ప్రార్థన లేని వేళ చూసి లోపలికెళ్లి ఐదు నిమిషాలు కూర్చోండి, రంగు అద్దాల వెలుగు బాగుంటుంది.

ఆదివారం నాలుగింటికల్లా బయలుదేరండి. 16 ఎక్కాక ఎక్కడో ఎగ్జిట్ దగ్గర అట్టముక్క మీద చేత్తో రాసిన ‘బాయిల్డ్ పీనట్స్’ కనిపిస్తుంది. ఆగండి. పచ్చి వేరుశనక్కాయలు తొక్కతో సహా ఉప్పునీళ్లలో గంటలకొద్దీ ఉడకబెట్టినవి, మన ఊళ్లో వాన పడే సాయంత్రాల్లో తిన్నవే. మామూలువి తీసుకోండి, కేజన్ మసాలావి మనకి ఆనవు. కప్పు నిండా వేడి నీళ్లతో ఇస్తారు, దాన్ని మీ ఆవిడ ఒళ్లో పెట్టకండి. కింద స్టీలు గిన్నె, తొక్కలకి ఓ కవరు.

గది ఏ స్క్వేర్ దగ్గర దొరికిందో రాయండి. పొద్దున కాఫీకి ఎటు నడవాలో అప్పుడు చెప్తాను.